గిట్టదు గానీ తీస్కపో

నా ఆఫీసు బల్ల మీద పెన్నులు వేసుకునే స్టీలు గ్లాసు ఒకటుంది. మొన్న మా జట్టులో కొత్తగా చేరిన స్వాతి పెన్ను కోసం చెయ్యి పెట్టి, గ్లాసును అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, ఇది ఎవరి పెళ్లిది?" అని అడిగింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఇన్నేళ్లుగా నా వేళ్లు రాసుకుని గ్లాసు మీద అక్షరాలు అరిగిపోయాయి. 'సందర్భముగా' అన్న మాట ఒక్కటే తేటగా కనిపిస్తుంది. స్టీలు గ్లాసు మీద ఆ మాట ఉందంటే దాని ముందు పెళ్లో గృహప్రవేశమో ఉండి తీరాలి. "పెళ్లిది కాదు, నా చదువుది" అన్నాను. "చదువుకు కూడా గ్లాసులు పంచుతరా అక్కా మీ దిక్కు?" అని నవ్వింది. కిటికీలోంచి కొత్తగూడ ఫ్లైఓవర్ మీద బండ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఇంటికి పోయే తొందర ఎవరికీ లేదు. చాయ్ తెప్పించి ఆ పిల్లకు చెప్పడం మొదలుపెట్టాను. చెబుతుంటే నాకే ముచ్చటేసి, ఇప్పుడిలా కాగితం మీద కూడా పెడుతున్నాను.

మాది మూసాపేటలో స్టీలు సామాన్ల దుకాణం. బాపు, అంటే మా నాన్న, జనగామ దిక్కు నుంచి వచ్చి పెట్టింది. పొద్దున్నే షట్టరెత్తి, వాకిట్లో నీళ్లు చల్లి, బిందెలను ఒకదాని మీద ఒకటి మెట్లుగా పేర్చి, కొక్కెం కర్రతో బకెట్లను పైకి తగిలించి, ఊదు పొగ వేసేవాడు. ఆ పొగ, సామాను చుట్టొచ్చిన వరిగడ్డి, పాత పేపర్లు, కొత్త స్టీలు మీది సన్నటి నూనె జిడ్డు అన్నీ కలిసిన వాసన ఒకటుండేది. ఇప్పటికీ ఎక్కడైనా అట్టపెట్టె విప్పితే నాకు ఆ వాసనే వస్తుందేమోనని ముక్కు ముందుకు పోతుంది. గల్లా పక్కన స్టూలు మీద మా బాపమ్మ, అంటే బాపుకు అమ్మ, ఒళ్లో సున్నం డబ్బా పెట్టుకుని కూర్చునేది. ఏ గిన్నె చేతికొచ్చినా వేలి కణుపుతో ఒక దెబ్బ కొట్టి, అది మోగిన తీరు విని పక్కన పెట్టేది. మనుషులను కూడా ఆవిడ అలాగే కొట్టి చూసేదని మా అమ్మ అనేది. మూలన పేర్లు కొట్టే మిషన్ ఉండేది. బాపు దాని ప్లగ్గు పెడితే దుకాణంలో లైటు కాస్త మసకబారి, తేనెటీగ డబ్బాలో చిక్కుకున్నట్టు గుయ్యిమనేది. ఆ గుయ్యిలోంచి వీధిలో ప్రతి ఇంటి పెళ్లిళ్లూ, గృహప్రవేశాలూ, వరసలూ, మరిచిపోకూడని మేనమామలూ అక్షరాలై గిన్నెల మీదికి దిగేవారు. నేను ఓనమాలు బడిలో నేర్చుకున్నాను గానీ, 'సందర్భముగా' అన్న మాట మాత్రం ఆ మిషన్ దగ్గరే నేర్చుకున్నాను.

ఇలాంటి దుకాణంలో పెరిగిన పిల్లకు బేరం ఒక అలవాటు కాదు, ఒక అవయవం. బడిలో టీచరు పది లెక్కలిస్తే ఏడుకు రారా అని అడిగినదాన్ని. దవాఖానలో డాక్టరు రోజుకు మూడు గోలీలంటే, "రెండుకు కాదా సార్" అన్నానని అమ్మ ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది. నా గురించి నేను గొప్పగా చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే, ఎదుటివాడి మొహం చూసి వాడు ఎక్కడ దిగుతాడో పసిగట్టడం. చెప్పుకోకూడనిది ఏదైనా ఉంటే, అదే పనిగా పసిగట్టడం. ఆ రెండూ నా పెద్ద బేరంలో పనికొచ్చాయి.

ఆ బేరం ఇంటర్ అయిన ఎండాకాలంలో జరిగింది. కొండాపూర్ అవతల ఒక ప్రైవేటు యూనివర్సిటీలో వీడియో గేములు తయారుచేయడం నేర్పే డిగ్రీ ఉందని విన్నాను. అప్పటికి నేను ఆడిన గేములన్నీ మా పక్కింటి అన్న ఫోన్లోవే. కానీ ఆడుతున్నప్పుడల్లా నాకు గెలవడం కంటే, దీన్ని కట్టినవాడు నన్ను ఎక్కడెక్కడ ఎలా నిలబెడుతున్నాడో చూడటమే సరదాగా ఉండేది. వాడూ ఒక దుకాణదారేనని నా అనుమానం. బాపుకు చెబితే గల్లా మీంచి తల ఎత్తకుండానే, "గేములు ఆడనీకి గూడ కాలేజ్ వెట్టిన్రా?" అన్నాడు.

"ఆడనీకి కాదు బాపూ, చెయ్యనీకి."

"ఊరంత ఆడుకుంట ఖరాబైతున్నది చాలదా, ఇగ నువ్వు చేసి పెట్టాల్నా? బీకాంల చేరు. పొద్దుగాల కాలేజ్, పగటీలి దుకాన్ల కూసో."

ఇది ఆయన చెప్పిన మొదటి ధర అని నాకు తెలుసు. నేనూ నా ధర పెంచే చెప్పాను. నాలుగేళ్ల చదువు, దాంతోపాటు హాస్టలు. మూసాపేట నుంచి కొండాపూర్‌కు హాస్టలేందని ఆయన నోరు తెరిచాడు. ఆ తెరవడం కోసమే అడిగాను. కాసేపు మొహం ముడుచుకుని హాస్టలు వదులుకున్నాను. ఆయన అయినా దిగలేదు. "సరే, నీకు గిట్టకపోతే వద్దు తీ" అని చెప్పులేసుకుని మెట్లు దిగాను. వెనక నుంచి "ఇగో, ఇటు రా" అని వినిపించేదాకా నా గుండె గిన్నెలా మోగుతూనే ఉంది.

"ఏడాది చూస్త" అన్నాడు బాపు. "ఏడాది అయినంక నువ్వు చేసిన గేము తెచ్చి ఈ గల్లా మీద పెట్టు. గిన్నెకొచ్చినోళ్లు గిన్నె ఇడిసిపెట్టి నీ గేము పట్టుకుంటె, మిగిలిన మూడేండ్లు సదువు. పట్టుకోకుంటె బీకాం, ఈ స్టూలు. మాటంటె మాట."

"బాపమ్మ సాక్షి" అన్నాను. బాపమ్మ ఒక చెంబును కొట్టి చూసింది. బాగానే మోగింది.

అలా మా వీధిలో స్టీలు దుకాణం పిల్ల షేర్ ఆటోలో హైటెక్ సిటీ వైపు గేముల చదువుకు పోవడం మొదలైంది. మా దుకాణం ముందు మెట్రో పిల్లర్లు అప్పుడే లేస్తున్నాయి. దుమ్ములోంచి బయల్దేరి, అద్దాల మేడల మధ్య దిగి, చలికి వణికే కంప్యూటర్ ల్యాబులో కూర్చునేదాన్ని. అక్కడి వాసన వేరు, వేడెక్కిన తీగలు, కొత్త కార్పెట్టు, ఎవరో దాచుకుని తింటున్న నూడుల్స్. నా పక్క సీటు శ్రీహర్షది. భీమవరం వైపు అబ్బాయి, కోడ్ రాయడంలో దిట్ట. కుర్చీకి కాలు తగిలినా "అయ్యో సారీ అండి" అని కుర్చీకే చెప్పేవాడు. ఏడాది చివర ఇద్దరిద్దరు కలిసి ఒక చిన్న గేము చేసి చూపించాలన్నారు. అందరూ తుపాకులూ, కార్లూ, దయ్యాలూ అనుకుంటుంటే, నేను "బేరం ఆడే గేము" అన్నాను. హర్ష చాలాసేపు ఆలోచించి, "ఇందులో ఎవరూ చచ్చిపోరాండి?" అని అడిగాడు. "ధర చచ్చిపోతది" అన్నాను. పేరు 'గిట్టదు' అని పెట్టుకున్నాం.

ఆటలో మనం గిన్నె కొనడానికి వచ్చినవాళ్లం. ఎదురుగా బొమ్మ దుకాణదారు. మూతి విరవచ్చు, సొట్ట ఉందని చూపించొచ్చు, పక్క దుకాణం పేరెత్తొచ్చు, ఊరికే నిలబడొచ్చు, వెళ్లిపోతున్నట్టు నటించొచ్చు. దుకాణదారు దేనికి ఎలా స్పందించాలో రాసే పని నాది. నాకు తెలిసిన విద్యంతా వాడికి పోశాను. సొట్ట చూపిస్తే వెలుతురు వైపు తిప్పి అది నీడ అంటాడు. పక్క దుకాణం అంటే అక్కడి స్టీలుకు అయస్కాంతం అతుక్కుంటుంది చూడండంటాడు. పోతే పోనిస్తాడు. వాణ్ని ఎవరూ ఓడించలేకపోవడం చూసి నేను మురిసిపోయాను. క్లాసులో వాళ్లందరితో ఆడించి చూసే రోజు వచ్చింది. ఒక్కొక్కరూ వచ్చి, కాసేపు బేరమాడి, ఓడి, మొహం గంటు పెట్టుకుని దయ్యాల గేము దగ్గరికి వెళ్లిపోయారు. రెండోసారి ఆడినవాళ్లు లేరు. మా మేడం ఒక పక్కన నిలబడి అంతా చూసి, "నీ ఆటలో బాగా ఆనందిస్తున్న మనిషి ఒక్కతే కనిపిస్తోంది లావణ్యా. అది నువ్వు" అంది. బీకాం నా కళ్ల ముందు పచ్చగా మెరిసింది. స్టూలు ఒకటి నా కోసం ఖాళీ అవుతున్నట్టనిపించింది.

తప్పు ఎక్కడుందో నాకు తెలియలేదు. ఏం చేసినా దుకాణదారును ఇంకా గట్టివాణ్ని చేస్తూ పోయాను. చివరికి ఒక రోజు ల్యాబు నుంచి వచ్చి ఆటో దిగి దుకాణం మెట్లెక్కబోతుంటే, జీడిమెట్లలో ఏదో కంపెనీలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు ఎదురొచ్చారు. ఒకామె చేతిలో కొత్త టిఫిన్ డబ్బా, దాని మీద ఒక చెంచా. మొహం వెలిగిపోతోంది. "ముసల్దాన్ని ముంచినే" అంటోంది పక్కామెతో. "పాపం, లాస్ అయిందని ఎంత ఒర్రిందో. మళ్ల చెంచా గూడ గుంజిన." ఇద్దరూ నవ్వుకుంటూ, వచ్చే నెల ఆడబిడ్డను కూడా తోలుకొస్తానని చెప్పుకుంటూ పోయారు. నేను కంగారుగా లోపలికి పోయి, "బాపమ్మా, మునిగినవా?" అన్నాను. బాపమ్మ ఆకుకు సున్నం రాసుకుంటూ, "మంచి బేరం బిడ్డా" అంది. పోయినామె మొహంలో ఏ వెలుగుందో ఈమె మొహంలోనూ అదే ఉంది.

అక్కడే, చెప్పులు కూడా విడవకుండా నిలబడి నవ్వాను. పుట్టినప్పటి నుంచీ రోజూ చూస్తున్నది నాకు ఆ రోజు కనిపించింది. దుకాణదారు పని గెలవడం కాదు, ముచ్చటగా ఓడిపోవడం. ధర ఎక్కువ చెప్పేది దిగడానికే. పోతున్నవాళ్లను పోనిచ్చేవాడు దుకాణదారు కాడు, వాచ్‌మన్. అంతా అయ్యాక "నాకు గిట్టదు గానీ తీస్కపో బిడ్డా" అని నిట్టూర్చి, పైన ఒక చెంచా కొసరు పడేస్తే, ఆ మనిషి ఇంటిదాకా గెలుస్తూ పోతుంది. నేను బాపు గట్టిదనం మొత్తం గేములో పెట్టి, ఓడిపోవడం మాత్రం మరిచిపోయాను.

హర్షకు చెబితే కొసరు దగ్గర ఆగిపోయాడు. "గెలిచేశాక మళ్లీ ఇవ్వడం ఎందుకండి? ఆట అయిపోయింది కదా."

"మీ ఊర్ల కొసరియ్యరా?"

"ఎందుకివ్వరండి, వంకాయలు కొంటే ఓ మిరపకాయైనా వేస్తారు. కానీ దానికి లాజిక్ ఏం రాయను?"

"లాజిక్ లేకుండ పడాలె. గదే లాజిక్."

దుకాణదారును తీసేసి బాపమ్మ బొమ్మ పెట్టాం. గొంతు కూడా ఆవిడదే కావాలనుకుని, హర్ష మైకు పట్టుకుని మూసాపేట వచ్చాడు. ఏదన్నా అనమంటే బాపమ్మ పెదవి కదపలేదు. "ఎదురుంగ గిరాకి లేనిది ఎట్లంట? గోడతోని బేరమాడాల్నా?" అంది. దాంతో హర్షనే గిరాకీగా నిలబెట్టాం. చేతికందిన పెద్ద బగోన ఒకటి చూపించి, "ఇది ఎంతండి మామ్మగారూ?" అన్నాడు, అంత పెద్ద గిన్నె తనకు దేనికో తెలియకుండానే. బాపమ్మ దాన్ని కొట్టి మోగించింది. మాకు కావలసిన మాటలన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి, పిలుపూ, వగపూ, బెదిరింపూ, నిట్టూర్పూ. రికార్డింగు అయ్యేసరికి హర్ష ఆ బగోన నిజంగా కొనేశాడు, చెంచాతో సహా. మెట్లు దిగుతూ నా చెవిలో, "మీ మామ్మగార్ని బాగా దింపేశానండి" అన్నాడు. ఆ బగోనలోనే వాడి హాస్టలు గది మొత్తానికి చివరిదాకా నూడుల్స్ ఉడికాయి.

గల్లా మీద పరీక్ష రోజు పెళ్లిళ్ల సీజను. పొద్దున్నే కరెంటు పోయింది, సాయంత్రందాకా రాదన్నారు. దుకాణం లోపల ఇడ్లీ పాత్రలా ఉంది. పేర్లు కొట్టించుకోవాలన్నవాళ్లను బాపు "రేపు రాండ్రి" అని పంపేస్తున్నాడు. హర్ష తన ట్యాబుకు చార్జింగు నిండా ఎక్కించుకుని తెచ్చి, గల్లా మీద తూకం కాంటా పక్కన నిలబెట్టాడు. మొదట వచ్చినామె దాన్ని తీసి విసురుకుంది. ఇంకొకాయన దాని మీద చాయ్ గ్లాసు పెట్టాడు. ఒక పెండ్లికొడుకు మేనమామ వేలితో రెండుసార్లు పొడిచి, "దీంట్ల పాటలు రావా?" అని అడిగి వదిలేశాడు. బాపు మూలనున్న స్టూలు మీది దుమ్ము గుడ్డతో తుడిచాడు. నన్ను చూస్తూ తుడిచాడు.

పగలు రెండు దాటాక గిరాకీ పలచబడింది. బాపమ్మ కునుకు తీస్తోంది. ఎవరూ ముట్టుకోకపోతే కొంతసేపటికి పిలవాలని మేం గేములో పెట్టిన పిలుపు ఆ నిశ్శబ్దంలో పలికింది, "రా బిడ్డా, ఏం గావాలె?" బాపు వెనక్కి తిరిగి చూశాడు. వాళ్లమ్మ నోరు మూసుకునే ఉంది. మళ్లీ పిలిచింది. ఆయన ట్యాబు దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, వేలు పెట్టాడు. మొదటి ధర వినగానే ఆయన కనుబొమలు లేచాయి. సొట్ట చూపించాడు. "అది సొట్ట గాదు బిడ్డా, నీ మొహం కనవడ్తుంది" అంది బాపమ్మ గొంతు. బాపు పంచె సర్దుకుని గల్లా మీదికి వంగాడు. ఇన్నేళ్లుగా గిన్నెల మధ్యే బతికిన మనిషి, ఉన్నదో లేదో తెలియని ఒక బొమ్మ గిన్నె కోసం మూతి విరుస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే ఒకామె మెట్లెక్కి వచ్చి, బగోన ఒకటి ఎత్తి పట్టుకుని, "సేటూ, ఇదెంత?" అంది. బాపు తలెత్తకుండా చెయ్యి ఎత్తి చూపించాడు. "జర ఆగమ్మా, బేరం నడుస్తున్నది." ఆ మాట మా దుకాణంలో గిరాకీతో ఎవరూ అని ఉండరు. హర్ష నా మోచెయ్యి గిచ్చాడు. ఆమె కాసేపు ఆగి, బగోన కింద పెట్టి, గల్లా చుట్టూ తిరిగి వచ్చి బాపు భుజం పక్కనుంచి తొంగి చూసింది. "గట్ల గాదు సేటూ, పోతున్నట్టు చెయ్యాలె" అని ట్యాబు తన వైపు లాక్కుంది. నడిచిపోతున్న గిరాకీ బొమ్మను, "ఇగో, ఇటు రా" అని బాపమ్మ గొంతు వెనక్కి పిలిచింది. ధర దిగింది. "నాకు గిట్టదు గానీ తీస్కపో" అని నిట్టూర్పు వినిపించింది. టింగుమని చెంచా పడింది. ఆ చప్పుడుకు ఆమే, బాపూ ఒకేసారి నవ్వారు. నిద్రలేచిన బాపమ్మ, "నా గొంతు వెట్టి నా కొడుకునే ముంచిన్రా" అని మమ్మల్ని తిట్టింది.

"గిన్నె ఇడిసింది, గేము పట్టుకుంది" అన్నాను బాపుతో.

"ఆమె నాకు చెప్పనీకె పట్టుకున్నది. అది లెక్కకు రాదు."

"మాటంటె మాటరా" అంది బాపమ్మ.

బాపు నిట్టూర్చాడు. దుకాణంలో ఆ నిట్టూర్పు నేను వెయ్యిసార్లు విన్నదే. "నాకైతే గిట్టదు. సదువుకపో." నేను మెట్ల దాకా ఎగురుకుంటూ పోయి, ఏదో గుర్తొచ్చి తిరిగొచ్చాను. "మరి కొసరు?" ఆయన గల్లా కింద చెయ్యిపెట్టి, పాత పేపరులో చుట్టిన గ్లాసు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. విప్పితే దాని మీద ఆయన చేతిరాత వంకరలతోనే కొట్టి ఉంది: చి. లావణ్యకు గేము సందర్భముగా, బాపు. ఆ సాయంత్రం వీధంతా ఆ గ్లాసు చూపించుకుంటూ తిరిగాను. బాపును బేరంలో ఓడించిన మొదటి మనిషిని నేనేనని అందరికీ చెప్పాను.

ఇప్పుడు నా పని అదే, ఇంకా పెద్ద దుకాణాల్లో. ఈ మేడల్లో కొసరును రివార్డు అంటారు. అది ఎప్పుడు, ఎవరికి, ఎంత పడాలో గ్రాఫులు గీసి చెబుతారు. గ్రాఫు ప్రకారం పడిన చెంచా కూడా టింగుమనే అంటుంది. జనం ఆడతారు కూడా. మాల్‌లో గిన్నె మీద ధర అంటించి ఉంటుంది, మూతి విరిస్తే సేల్స్ పిల్ల నన్ను జాలిగా చూస్తుంది. మా దుకాణం ఇప్పుడు మెట్రో నీడలో ఉంది. గిరాకీలు ఫోన్లో ధర చూసుకునే వస్తారు, అయినా చివర్లో చెంచా అడగకుండా ఎవరూ మెట్లు దిగరని బాపు సంబరంగా చెబుతాడు. బాపమ్మ లేదు. గొంతుంది. హర్ష ఇప్పటికీ ఆ రికార్డింగు దాచిపెట్టాడు. కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు ఫోన్లో వినిపించి, "మామ్మగారు గృహప్రవేశానికి వచ్చారండి" అన్నాడు. అప్పటిది గొప్పా, ఇప్పటిది గొప్పా అంటే, నేను రెంటికీ ధర పెంచే చెబుతాను.

ఇదంతా విని స్వాతి గ్లాసును మళ్లీ తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. "అక్కా, ఆ రోజు కరెంటు లేదన్నరు గదా."

"లేదు. చెమటలు కారిపోయినయ్."

"మరి పేరెట్ల కొట్టిన్రు?"

చాయ్ చల్లారిపోయింది. నేను బేరగత్తెనని, మొహాలు చదువుతానని ఇప్పటిదాకా ఈ పిల్లకు చెప్పుకుంటూ వచ్చాను. రేపు రాండ్రి అని పొద్దుటి నుంచీ గిరాకీలను పంపేసిన మనిషి గల్లా కిందినుంచి, పేరు కొట్టి, పేపరు చుట్టి, సిద్ధంగా ఉన్న గ్లాసు తీసిచ్చాడు. ఇన్నేళ్లూ దాన్నిండా పెన్నులు వేసుకున్నాను. ముసల్దాన్ని ముంచినే అని నవ్వుకుంటూ మెట్లు దిగిన జీడిమెట్ల ఆమె నా కళ్ల ముందు మెరిసింది. ఆమె మొహం అచ్చం నాలాగే ఉంది.

స్వాతి ముందే బాపుకు ఫోన్ చేశాను. వెనకాల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"బాపూ, ఆ గ్లాసు మీద పేరు ఎప్పుడు కొట్టినవ్?"

అటు వైపు బాపు నవ్వడం వినిపించింది.

"బేరం అయిపోయినంక కొన్న ధర అడగద్దు బిడ్డా" అన్నాడు. "గిరాకి ఉన్నది, పెడ్తున్న."